కొలిచినవాని బాకీ



మన రాయలసీమ పల్లెల్లో మట్టి మిద్దెలు ఎరుగని వారుండరు. ఎండాకాలం రాత్రి పిల్లాపాపలతో మిద్దెనెక్కి పడుకోవడం మనకు అలవాటు. మోషే ధర్మశాస్త్రంలో ఆ మిద్దెలకు సంబంధించిన ఒక చిన్న ఆజ్ఞ ఉంది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చూడవచ్చు. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, పైనుండి ఎవరైనా పడి చచ్చిపోయినప్పుడు ఆ రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు అజాగ్రత్తపరుడా, నిద్రమత్తులో ఉన్నాడా అని ధర్మశాస్త్రం అడగలేదు. అంచు ఎక్కడుందో ఇల్లు కట్టినవానికి తెలుసు. తెలిసినవాని మీదనే ఆ బరువు పెట్టింది.

ఈ వారం మనం ఆలోచించవలసిన అంచు కంటికి కనిపించదు, చేతికి తగలదు. అది భూమి లోపల, గనిలోని గాలిలో ఉంది. దాన్ని కొలిచే సాధనాలు నేడు ఉన్నాయి. మన ముందున్న ప్రశ్న ఇది: ఒక మనిషి పీల్చే గాలిలోని ప్రమాదాన్ని మరొకడు కొలిచినప్పుడు, కొలిచినవాడు ఆ మనిషికి ఏమి బాకీ పడతాడు? కొలవడంతోనే అతని పని తీరిపోతుందా?

మన రాయి, మన పేరు

ఇది ఎక్కడో దూరదేశపు సంగతి కాదు. పాపఘ్ని నది కొండను చీల్చుకొని బయటపడే చోటును మనం గండి అంటాం. ఆ పక్కనే ఉన్న వేంపల్లె పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు అక్కడి సున్నపురాతి పొరలను పిలుస్తారు. ఆ పొరలలో యురేనియం ఉందని అణు ఖనిజ శాఖవారు ఎన్నో ఏళ్ళు వెదికి కనుగొన్నారు. వేముల మండలం తుమ్మలపల్లె దగ్గర యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా గనికి, శుద్ధి కర్మాగారానికి 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 3000 టన్నుల రాయిని నలగగొట్టే కర్మాగారం అది. రాయిలో యురేనియం మాత్రం చాలా కొద్ది. టన్ను రాయిలో అరకిలో కూడా ఉండదు.

తుమ్మలపల్లె, రాచకుంటపల్లె, మబ్బుచింతలపల్లె, భూమయ్యగారిపల్లె, కొట్టాల గ్రామాల పేర్లు అప్పటినుండి పత్రికలకెక్కాయి. వేరుశనగ, అరటి, చీనీ పండించిన కుటుంబాలలోని కొందరు బిడ్డలు గనిలో పనికి దిగారు. కర్మాగారపు వ్యర్థాల చెరువు గురించి, బోరు నీళ్ళ గురించి కనంపల్లె వైపు రైతులు ఫిర్యాదులు చేశారు. సంస్థ వాటిని కాదన్నది. ఆ నీటి సంగతి వేరే విచారించవలసినంత పెద్దది. ఈ వ్యాసం గాలిని గురించి, అందులోనూ భూమి లోపల పనిచేసే మనిషి ఊపిరిని గురించి మాత్రమే.

కనిపించని చుట్టము

యురేనియం ఉన్న రాయిలో రేడియం కూడా ఉంటుంది. రేడియం మెల్లమెల్లగా కరుగుతూ రేడాన్ అనే వాయువుగా మారుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. రాతి పగుళ్ళలోనుండి, ఊటనీటిలోనుండి, పగలగొట్టిన ముక్కలలోనుండి అది గనిలోకి వస్తుంది. ఆరుబయట గాలిలో కలిసి పలచబడిపోతుంది. కాని నాలుగు గోడల మధ్య, అందులోనూ గాలి ఆడని చోట, పేరుకుంటుంది.

రేడాన్ మూడు రోజుల ఇరవై గంటలలో సగానికి తగ్గిపోతుంది. పీల్చిన రేడాన్ చాలావరకు తిరిగి ఊపిరితో బయటికి వచ్చేస్తుంది. అసలు చిక్కు దాని సంతతితో. రేడాన్ విచ్ఛిన్నమై పొలోనియం, సీసం, బిస్మత్ అనే లోహాల రేణువులుగా మారుతుంది. ఇవి దుమ్ముకు అంటుకొని ఊపిరితిత్తుల గొట్టాలలో కూర్చుంటాయి. వీటి ఆయుష్షు నిమిషాలలోనే. ఆ నిమిషాలలోనే ఆల్ఫా కణాలను విసురుతాయి. ఆల్ఫా కణం కాగితాన్ని కూడా దాటలేదు. కాని ఊపిరిగొట్టం లోపలి పలుచని పొరమీదనే కూర్చొని కొడితే అక్కడి జీవకణాన్ని గాయపరచగలదు. అన్ని గాయాలూ పుండ్లు కావు. కొన్ని పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో, ఇంకా ఆలస్యంగానో క్యాన్సర్‌గా బయటపడతాయి. అప్పటికి ఆ మనిషి గని పని మానేసి, మనుమలను ఎత్తుకొని తిరుగుతూ ఉంటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లో రేడాన్‌ను మనుష్యులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది.

బొగ్గు గనులలో వెనుకటికి విషవాయువును పసిగట్టడానికి పిట్టలను పంజరంలో పెట్టి తీసుకుపోయేవారు. పిట్ట సోలితే మనుషులు బయటికి పరుగెత్తేవారు. రేడాన్‌కు అట్లాంటి పిట్ట లేదు. పిట్ట సోలదు, మనిషికి దగ్గు రాదు, కళ్ళు మండవు. కనుక ఇక్కడ కొలత ఒక్కటే కన్ను. ఆ కన్ను ఎవరి చేతిలో ఉంటే వారి చేతిలోనే కార్మికుని భద్రత ఉంది.

ఎట్లా కొలుస్తారు?

ప్రపంచమంతటా గనులలో వాడే పద్ధతులు ఇంచుమించు ఒకటే. పని జరిగే చోట చిన్న పంపుతో గాలిని కాగితపు వడపోత గుండా కొద్ది నిమిషాలు లాగుతారు. కాగితం మీద చిక్కిన రేణువులు ఎన్ని ఆల్ఫా కణాలను విసురుతున్నాయో లెక్క పెడతారు. ఇది ఆ చోటు కొలత. మనిషి కొలత వేరు. కార్మికుని ఒంటిమీద తగిలించే చిన్న డబ్బాలో పలుచని ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటుంది. ఆల్ఫా కణం తగిలిన ప్రతిచోటా దానిమీద కంటికి కనిపించని గీత పడుతుంది. కొన్ని వారాల తరువాత ఆ ఫిల్మును కాస్టిక్ సోడాలో నానబెడితే గీతలు చిన్న రంధ్రాలుగా విచ్చుకుంటాయి. సూక్ష్మదర్శినిలో వాటిని లెక్కించి, ఈ మనిషికి ఇంత మోతాదు తగిలింది అని చెబుతారు. రాతినుండి వచ్చే గామా కిరణాలకు మరొక బ్యాడ్జి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. బ్యాడ్జి తాయెత్తు కాదు. అది ప్రమాదాన్ని ఆపదు. జరిగినదాన్ని రాసిపెడుతుంది, అంతే. నిజంగా కాపాడేది గాలి. పెద్ద ఫ్యాన్లతో కొత్త గాలిని లోపలికి తోసి పాత గాలిని బయటికి లాగాలి. గనివారు గాలి వయసు అనే మాట వాడతారు. రేడాన్ రాతినుండి బయటపడిన వెంటనే దాని సంతతి ఇంకా పెరిగి ఉండదు. గంటల తరబడి గాలి కదలకుంటే సంతతి నిండా పెరుగుతుంది. అంటే గాలి పడుచుగా ఉన్నప్పుడే సాగనంపాలి. ఫ్యాన్ ఆగిపోయిన మూల, తవ్వి వదిలేసిన సొరంగం, గాలిగొట్టం చేరని పని చోటు, ఇవే మిద్దె అంచులు.

తెలిసి చెప్పనివారు

ఈ తెలివి మనకు ఊరికే రాలేదు. జర్మనీ, బొహీమియా సరిహద్దు కొండలలో వెండి గనులు ఉండేవి. అక్కడి యోకిమ్‌స్తాల్ ఊరిలో వైద్యుడుగా పనిచేసిన జార్జి అగ్రికోలా గనులను గురించి రాసిన గొప్ప గ్రంథం, ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1556లో అచ్చయింది. చుట్టూ ఉన్నవారు లూథర్ మతం పుచ్చుకున్నా ఆయన చివరివరకు కతోలిక విశ్వాసిగానే ఉన్నాడు. కొన్ని గనుల ఊళ్ళలో ఒక్కొక్క స్త్రీ ఏడుగురు భర్తలను వరుసగా ఊపిరి జబ్బుకు పోగొట్టుకున్నదని ఆయన రాసిపెట్టాడు. ఆ జబ్బు క్యాన్సర్ అని 1879లో హార్టింగ్, హెస్సే అనే ఇద్దరు వైద్యులు ష్నీబెర్గ్ గనుల కార్మికులను పరీక్షించి ప్రకటించారు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో ఆ గనుల గాలిలో రేడాన్ ఉన్నట్లు కొలిచారు. అంటే 1940ల చివరలో అమెరికా ప్రభుత్వం అణ్వాయుధాల కోసం కొలరాడో పీఠభూమిలో యురేనియం తవ్వకాలను ముమ్మరం చేసేనాటికి, ప్రమాదం సంగతి పుస్తకాలలో ఉంది.

అక్కడ జరిగినది వినండి. 1950లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఆ గనులలో గాలిని కొలవడం, కార్మికులను పరీక్షించడం మొదలుపెట్టింది. కొలతలు భయంకరంగా ఉన్నాయి. గని యజమానులు పరిశోధకులను లోపలికి రానిచ్చారు. కాని కార్మికులను బెదరగొట్టే మాటలు చెప్పకూడదన్న అవగాహన మీద రానిచ్చారు. వైద్యులు రక్తం తీశారు, ఎక్స్‌రేలు తీశారు, గాలిని సీసాలలో పట్టారు. ఆ గాలి మిమ్మల్ని చంపవచ్చునని మాత్రం కార్మికులకు చెప్పలేదు. వారిలో ఎందరో నవాహో తెగవారు. రేడియేషన్ అనేదానికి వారి భాషలో మాట కూడా లేదు. అణుశక్తి సంఘం గనుల భద్రత తన బాధ్యత కాదన్నది. రాష్ట్రాలు తాత్సారం చేశాయి. గాలిని శుభ్రపరచమని కేంద్రం గట్టి నియమం పెట్టడానికి 1967 రావలసి వచ్చింది. అప్పటికే ఎందరో మనుషుల ఊపిరితిత్తులలో గాయాలు పడిపోయాయి. కార్మికులు, వారి భార్యలు కోర్టుకు వెళ్ళి ఓడిపోయారు. చివరకు 1990లో ఆ దేశపు శాసనసభ క్షమాపణ చెబుతూ పరిహారపు చట్టం చేసింది. ప్రభుత్వం అప్పుడే గాలి ఆడేట్లు చేసి ఉంటే ఎన్నో మరణాలు తప్పేవని 1995లో అధ్యక్షుడు నియమించిన సలహా సంఘం తేల్చింది.

ఆ పరిశోధకులలో చాలామంది చెడ్డవారు కాదు. కొందరు గాలి పెట్టమని పైవారికి పదే పదే రాశారు. లెక్కలు తప్పు రాయలేదు. దొంగ తూకం వేయలేదు. వారి కొలతల వలననే నేడు లోకమంతటికీ హద్దులు తెలిశాయి. అయినా అక్కడ ఘోరమైన పాపం జరిగింది. అది చేసిన పాపం కాదు, చేయక వదిలేసిన పాపం. దివ్యబలిపూజ మొదట్లో మనం ఒప్పుకునే పాపాలలో చేయవలసినది చేయకపోవడం కూడా ఉందని మరువరాదు. మంచి సమరయుని ఉపమానంలో యాజకుడు, లేవీయుడు గాయపడినవాణ్ణి కొట్టలేదు. చూశారు, పక్కగా వెళ్ళారు. కొలరాడోలో అయితే చూశారు, కొలిచారు, రాసుకున్నారు, అప్పుడు పక్కగా వెళ్ళారు.

మూడు సాకులు

ఈ విషయంలో మంచివారు కూడా చెప్పే సాకులు మూడున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా తూచి చూద్దాం.

మొదటిది: చెబితే భయపడతారు. చదువు లేనివానికి మిల్లీసీవర్ట్ అంటే ఏమి అర్థమవుతుంది, ఊరికే బెదిరి పని మానుకుంటాడు అంటారు. కాని మనవాళ్ళకు లెక్క తెలియదనడం పొరపాటు. పొద్దుటూరు మార్కెట్టులో పత్తి తూకంలో అరకిలో తేడా వస్తే పట్టుకునే రైతు, మందు డబ్బా మీద ఎర్ర గుర్తు చూసి జాగ్రత్తపడే కూలీ, తమ ఒంటికి తగిలే దాని లెక్క వినలేరా? చెప్పేవాడు తెలుగులో, వాళ్ళకు తెలిసిన పోలికలతో చెప్పాలి. ఇంగ్లీషు అంకె గోడమీద అంటించి చెప్పాము అనడం చెప్పడం కాదు. భయం కలుగుతుందన్నది నిజమే. భయానికి మందు ఇంకా వివరంగా చెప్పడమే. దాచిన నిజం బయటపడిన నాడు పుట్టే భయం, నమ్మకాన్ని కూడా తీసుకుపోతుంది. ఆ తరువాత గాలి బాగుందని నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

రెండవది: హద్దు లోపలే ఉంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటరాదు. హద్దు ఉండడం మంచిదే. అది లేని రోజుల్లో ఏమి జరిగిందో పైన చూశాం. కాని హద్దు అంటే ఇవతల పుణ్యం, అవతల పాపం అని కాదు. తక్కువ మోతాదుకు తక్కువ ప్రమాదం, ఎక్కువకు ఎక్కువ. బొత్తిగా ప్రమాదం లేని మోతాదు ఉందని శాస్త్రజ్ఞులు లెక్క వేయరు. అందుకే హద్దుకు లోపల ఉన్నా ఇంకా తగ్గించగలిగినంత తగ్గించమని నియమం చెబుతుంది.

ఇంకొక సంగతి. అంకె కూడా మారుతుంది. గనిలో ఒక నెల పని గంటలు, అంటే 170 గంటలు, ఒక నిర్ణీత స్థాయి గాలిని పీలిస్తే దాన్ని ఒక ప్రమాణంగా లెక్కిస్తారు. ఆ ఒక్క ప్రమాణాన్ని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 1993లో 5 మిల్లీసీవర్ట్‌లుగా లెక్కకట్టింది. కార్మికుల ఆరోగ్య చరిత్రలను ఇంకా లోతుగా చదివిన తరువాత 2017లో అదే సంఘం దాన్ని ఇంచుమించు 10 అన్నది. గాలి అదే, మనిషి అతడే, ఊపిరితిత్తులు అవే. తెలివి పెరిగింది, లెక్క రెట్టింపయింది. మరి నిన్న హద్దు లోపల ఉన్నవాడు నేడు హద్దు మీద ఉండవచ్చు. కనుక నియమం పాటించాము అని చేతులు కడుక్కోవడం క్రైస్తవుని అంతరాత్మకు చాలదు. పిలాతు కూడా చేతులు కడుక్కున్నాడు.

మూడవది: ఇష్టపడే వచ్చాడు. ఎవరూ బలవంతంగా దింపలేదు, జీతం తీసుకుంటున్నాడు అంటారు. దీనికి శ్రీసభ చాలా కాలం క్రితమే సమాధానం చెప్పింది. పదమూడవ లియో పోపుగారు 1891లో వెలువరించిన రేరుం నోవారుం విశ్వలేఖలో, అవసరంలో చిక్కుకున్న కార్మికుడు గత్యంతరం లేక కఠినమైన షరతులకు ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలును న్యాయమనలేము, అది బలాత్కారమే అని బోధించారు. ఆ లేఖలోనే గనులలో రాయిని, లోహాన్ని తవ్వేవారి పని ఆరోగ్యానికి ఎంత భారమో, వారి పని గంటలు అంత తగ్గాలని గని కార్మికుల పేరెత్తి చెప్పారు. రెండవ జాన్ పాల్ పోపుగారు 1981 నాటి లబోరెం ఎక్సెర్చెన్స్ విశ్వలేఖలో ఆరోగ్యానికి హాని చేయని పని చోటును కార్మికుని హక్కుగా లెక్కించారు. వరుసగా వానలు తప్పి, బోరు ఎండి, అప్పు పెరిగి, భూమి పోయిన ఇంటి కుర్రవాడు ఉద్యోగ కాగితం మీద పెట్టిన సంతకాన్ని పూర్తి సమ్మతి అనగలమా? పైగా తెలియనిదానికి సమ్మతి ఉండదు. లెక్క చెప్పి అడిగితేనే అది అడగడం.

పంచుకుంటే తీరుతుందా?

ఇక్కడ నిజంగా చిక్కుముడి వంటి ప్రశ్న ఒకటి ఉంది. గనిలో ఒక మూల గాలి బాగులేదు. అక్కడ ఒక్కడే ఏడాదంతా పనిచేస్తే హద్దు దాటుతాడు. నలుగురిని మార్చి మార్చి దింపితే ఎవరూ హద్దు దాటరు. ఇది న్యాయమేనా?

ఒక వైపు చూస్తే న్యాయమే అనిపిస్తుంది. ఒకరి భారములు ఒకరు మోయాలని పునీత పౌలుగారు గలతీయులకు బోధించారు గదా. ఒక్కని నెత్తిన బరువంతా పెట్టడం కన్నా నలుగురూ మోయడం మేలు. మరొక వైపు చూస్తే, మొత్తం మోతాదు తగ్గలేదు. పలచబడింది, అంతే. నలుగురి కాగితాలూ శుభ్రంగా కనిపిస్తాయి. ఫ్యాను మాత్రం పెట్టలేదు. ఆ నలుగురిలో ఇద్దరు కాంట్రాక్టు కూలీలైతే, ఈ గని తరువాత వేరే గనికి వెళితే, వాళ్ళ లెక్కను కూడి చూసేదెవరు?

కనుక ఇట్లా నిర్ణయించుకోవచ్చు. గాలిని బాగుచేసే లోపల, ఒకటి రెండు రోజులు బరువును పంచుకోవడం సోదరత్వం. గాలిని బాగుచేయడానికి బదులుగా మనుషులను మార్చడం మోసం. చూడడానికి రెండూ ఒకటే. తేడా ఉద్దేశంలోనూ, ఫ్యాను కోసం పెట్టిన ఖర్చులోనూ ఉంది. మనిషికన్నా ఫ్యాను ఖరీదైనదిగా ఎప్పుడు తోచిందో అప్పుడే పని యజమాని అయింది, మనిషి పనిముట్టు అయ్యాడు.

సగటు విషయం కూడా ఇంతే. గనిలో సగటు మోతాదు తక్కువ అని నివేదిక చెప్పవచ్చు. అది సంతోషించవలసిన మాటే. కాని సగటుకు ఊపిరితిత్తులు లేవు. తొంభై తొమ్మిది గొర్రెలు ఉన్నా, తప్పిపోయిన ఒక్కదాన్ని వెదకబోయిన కాపరి సగటు చూడలేదు. అందుకే చోటు కొలత చాలదు, మనిషి కొలత కావాలి. అది అతని పేరున ఉండాలి, అతనికి అందాలి.

బాకీ ఏమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కొలిచినవాడు నాలుగు విధాలుగా బాకీ పడతాడు.

ఒకటి, నిజం. నా ఒంటికి తగిలినదాని లెక్క నాది. అది కార్యాలయం బీరువాలోని సొత్తు కాదు. 2004లో వచ్చిన మన దేశపు రేడియేషన్ రక్షణ నియమాలు కార్మికుల మోతాదు రికార్డులు ఉంచమని యజమానిని ఆదేశించాయి. రికార్డు ఉన్నచోట దాన్ని అడిగే నోరు కూడా ఉండాలి.

రెండు, దిద్దుబాటు. అంకె పెరిగినప్పుడు ముందు మారవలసింది గాలి, తరువాతే కాగితం. కొలిచి దిద్దనివాడు నాడి పట్టుకొని మందివ్వని వైద్యుడు.

మూడు, జ్ఞాపకం. ఈ జబ్బు ఇరవై ఏళ్ళ తరువాత రావచ్చు. కనుక పని మానినవాని లెక్క చెరగకూడదు. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జీని, రోగిని అడిగే ప్రశ్నలకు నీవు ఏమి పని చేస్తావు అన్న ప్రశ్నను చేర్చమని తోటి వైద్యులను కోరాడు. నేటికీ మన ఆసుపత్రుల్లో ఆ ప్రశ్న ఎందరు అడుగుతున్నారు?

నాలుగు, అండ. జబ్బు వచ్చిన తరువాత ఇది గాలివల్లనే వచ్చిందని నిరూపించు అని విధవరాలిని కోర్టుల చుట్టూ తిప్పడం న్యాయం కాదు. కొలత చేతిలో ఉన్నవాడే ముందుకు రావాలి.

ఇవన్నీ ఏ ఒక్క సంస్థపైనో నింద మోపడానికి రాసినవి కావు. దేశానికి విద్యుత్తు కావాలి. గనిలోకి దిగి శ్రద్ధగా గాలిని కొలిచే ఉద్యోగులూ మనలాంటి గృహస్థులే, వారిది పవిత్రమైన కాపలా పని. ఆ కాపలా నిజమైనదిగా ఉండాలని కోరడం వారిని గౌరవించడమే.

మన ఇళ్ళలో, మన విచారణలలో

కుటుంబాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గనికి వెళ్ళేవారు బ్యాడ్జిని బీరువాలోనో బట్టల పెట్టెలోనో వదిలి పోకూడదు. ఇల్లాలు, ఏమయ్యా, ఈసారి నీ లెక్క ఎంత వచ్చింది అని జీతం అడిగినట్లే అడగాలి. ఫ్యాన్ ఆగితే ఆ చోటునుండి బయటికి రావడం పిరికితనం కాదు. వదిలేసిన సొరంగంలో చల్లగా ఉందని కూర్చొని సద్ది తినకూడదు. పని బట్టలు పిల్లల బట్టలతో కలపకూడదు, స్నానం చేసి ఇల్లు చేరాలి.

బీడీ, చుట్ట, సిగరెట్టు మానాలి. రేడాన్, పొగ రెండూ ఒకే ఊపిరితిత్తిలో చేరితే కీడు ఒకదానికొకటి కలిసినంత మాత్రమే కాదు, అంతకన్నా బాగా ఎక్కువ అవుతుందని గని కార్మికుల మీద జరిగిన అధ్యయనాలు చూపాయి. అయితే పొగ తాగాడు కాబట్టి తప్పంతా అతనిదే అనే మాటను మనం ఒప్పుకోకూడదు. పొగ తాగేవాని మిద్దెకు కూడా పిట్టగోడ కట్టవలసిందే. పని మానిన తరువాత ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా, నేను ఇన్నేళ్ళు యురేనియం గనిలో పనిచేశాను అని ముందుగా చెప్పాలి. లెక్క కాగితాలను పట్టా కాగితాలతో పాటు దాచుకోవాలి.

విచారణలో చదువుకున్న యువతీయువకులు ఆ కాగితాన్ని తెలుగులో చదివి వివరించగలిగితే అది గొప్ప దయాకార్యం. డిసెంబరు 4వ తేదీ గని కార్మికుల పాలక పునీతురాలు బార్బరమ్మ జ్ఞాపకదినం. ఆ రోజు కొవ్వొత్తి వెలిగించడంతో పాటు, భూమి లోపల పనిచేసే సోదరులను పూజకు పిలిచి, వారి ఊపిరి సంగతి విచారించవచ్చు.

యోబు గ్రంథము 28వ అధ్యాయంలో గని వర్ణన ఉంది. మనిషి కొండలను వేళ్ళతో సహా పెకలిస్తాడట, గ్రద్ద కన్ను కూడా చూడని దారిని చీకటిలో తొలుస్తాడట, దాగినదాన్ని వెలుగులోకి తెస్తాడట. అంత చేసిన మనిషికి జ్ఞానం మాత్రం ఏ గనిలో దొరుకుతుంది అని యోబు అడుగుతాడు. దైవభీతి, కీడునుండి తొలగడం, ఇవే జ్ఞానమని అక్కడే జవాబు ఉంది. రాతిలో దాగిన లోహాన్ని వెలికి తీసే నేర్పు మనకు వచ్చింది. గాలిలో దాగిన కీడును కొలిచే నేర్పూ వచ్చింది. ఆ కొలతను, దాన్ని పీల్చేవాని చేతిలో పెట్టే ధైర్యాన్ని కూడా ప్రభువు మనకు దయచేయును గాక.